నేను రాయని ఆదివారాలు

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతంలో నేను బద్వేలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. ల్యాబులో ఇరవై కంప్యూటర్లు, అన్నిట్లోనూ సాఫ్ట్‌వేరు దొంగ కాపీలే. యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తారని తెలిసి, అంతా సక్రమంగా ఉండాలని కరస్పాండెంటు పట్టుబట్టారు. ఆయనకు బజారులో విత్తనాల అంగడి ఉండేది. కాలేజీ కూడా వాళ్ల కుటుంబం పెట్టిందే.

లైసెన్సులు అమ్మడానికి కడప నుంచి ఒక డీలరు వచ్చాడు. కంప్యూటరును నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది కదా అన్నాను. అతను నవ్వి ఒక రంగుల పుస్తకం ఇచ్చిపోయాడు. శిక్షణ, మరమ్మతులు, జీతాలు కలుపుకుంటే ఉచితంగా వచ్చిందే చివరికి ఖరీదవుతుందని దాని నిండా పట్టికలు. నాకు మింగుడు పడలేదు. తప్పు ఎక్కడుందో కూడా పట్టుకోలేకపోయాను.

పుస్తకం కరస్పాండెంటు ముందు పెట్టాను. ఆయన వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టారు.

“ఎవరు రాయించినారప్పా దీన్ని?”

చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది. ఈ అధ్యయనానికి డబ్బిచ్చింది ఆ సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీయే. రెండుసార్లు చదివిన నేను ఆ పేజీ దాకా పోనేలేదు.

“మా అంగడికి గూడా ఇట్లాంటివి శానా వస్తాయి,” అన్నారాయన. “ఏ కంపెనీ అచ్చేయిస్తే ఆ కంపెనీ పొద్దుతిరుగుడే ఎక్కువ పండుతాది. అబద్ధమని కాదు. నీళ్లు బాగా పారే చేన్లో వేసి చూసింటారు. మన మెట్టచేను వాళ్ల లెక్కలో ఉండదు. నువ్వు ఈడ వేసి చూడు.”

పది కంప్యూటర్లలో మూడు నెలలు లినక్స్ నడపమన్నారు. ఉత్సాహంగా మొదలుపెట్టాను. పిల్లలు తొందరగానే అలవాటుపడ్డారు. ప్రింటరు మాత్రం మొండికేసింది. సెలవు రోజుల్లో ల్యాబులోనే కూర్చునేవాణ్ణి. తెలిసినవాణ్ణి అడగడానికి రెండుసార్లు కడపకు బస్సెక్కాను. “ఈ ఆదివారం గూడా పోతాండారా?” అని మా ఆవిడ అడగడం కూడా మానేసింది.

మూడు నెలలయ్యాక రెండు పేజీల నివేదిక రాశాను. ఖర్చు దాదాపు లేదని తేల్చాను.

కరస్పాండెంటు నిదానంగా చదివారు. “బాగుండాది. మరి నీ ఆదివారాలు యాడ రాసినావు?”

“అవి నా ఇష్టంతో వచ్చినవి సార్.”

“రేపు నీ బదులు వచ్చేటోడు ఇష్టంతో వస్తాడా?”

నివేదిక వెనక్కి తీసుకున్నాను. నాకెవరూ డబ్బివ్వలేదు. అయినా లినక్స్ గెలవాలని ముందే అనుకున్నదీ నేనే, లెక్క రాసిందీ నేనే.

మళ్లీ రాశాను. ఈసారి ఆదివారాలు, బస్సు ప్రయాణాలు, ప్రింటరు వల్ల పోయిన క్లాసులు, అన్నీ చేర్చాను. ఖర్చు పెరిగింది. అయినా ఆ పుస్తకం చెప్పినంత కాలేదు. బీకాం పిల్లలు నేర్చుకునే అకౌంట్ల సాఫ్ట్‌వేరు లినక్స్‌లో నడవదన్న సంగతీ దాచకుండా రాశాను.

దాంతో నిర్ణయం సులువైంది. బీకాం వాళ్ల కోసం ఐదు కంప్యూటర్లకు లైసెన్సులు కొన్నారు, మిగతా పదిహేనింట్లో లినక్స్ పెట్టాం. వాటిని చూసుకోవడానికి మా దగ్గరే చదివిన ఒకమ్మాయిని పూటపనికి జీతమిచ్చి పెట్టుకున్నారు. రెండో వారంలోనే ఆమె ప్రింటరును దారికి తెచ్చింది. ఎట్లా చేశావని అడిగితే, “తెర మీద వచ్చిందంతా చదివినా సార్, అంతే,” అంది.

ఆ ఆదివారం నేను ఇంటిపట్టునే ఉన్నాను.