కార్క్ పలక మీద అవ్వ

తొంభైల్లో ఒకసారి, శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో ఒకాయన సొంతంగా చేసుకున్న సర్ఫ్‌బోర్డును సీట్ల నడుమ పెట్టుకున్నాడు. కాలు జారకుండా దానిమీద కార్క్ షీటు అతికించాడు కానీ, అంచు లేస్తోంది.

“పాడె లెక్కుంది, దింపుండ్రి!” అందొక అవ్వ. నేను మూఢనమ్మకాల మీద ఉపన్యాసం అందుకున్నాను. ఎవరూ వినలేదు.

ఆయన నవ్వాడు. “అవ్వా, గిది సముద్రంల అలల మీద నిలబడేటిది. రేపే పోతున్న. బంక పట్టేదాక బరువుండాలె. జెర గీ అంచు మీద నిలబడవా?”

అవ్వ చెప్పులు విడిచి, పలకకు దండం పెట్టి ఎక్కింది. బ్రేకు పడితే అందరం తూలాం, ఆమె కదల్లేదు.

ఆమె దిగే ఊరొచ్చింది.

“పట్టిందా బిడ్డా?”

“ఇంకా లేదవ్వా.”

“అయితే మేడ్చల్ దాక వస్త.” నావైపు తిరిగింది. “సారూ, నీ ముచ్చట ఆపి, చెప్పులిడిసి గా కొసకు నిలబడు.”

నిలబడ్డాను.