చిన్నమ్మ మోకాలూ జీవోటీ రిపోర్టూ

ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత కణం బొమ్మ గీయించినవాణ్ణి, ఒక రంగుల కాగితం చూసి బోల్తా పడ్డాను. ‘మూలకణాల సూది, జన్యు చికిత్స. అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది’ అని ఉంది దాని మీద. నాగర్‌కర్నూల్‌లో శిబిరమట. వెంటనే మా చిన్నమ్మ నర్సమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఆమెది గద్వాల పక్కన విత్తన పత్తి సేద్యం. సాళ్లలో నడవలేక రెండేళ్లుగా గట్టు మీదే కూర్చుని కూలీల మీద అరుస్తోంది. సూది కోసం పాలిచ్చే బర్రెను అమ్మడానికి ఒప్పుకుంది. కొనేవాడు శిబిరం మర్నాడు పొద్దున్నే వచ్చి తోలుకుపోతానన్నాడు. సలహా నాదే, ఎవరినీ అనేందుకు లేదు.

ఉదయం ఆరున్నరకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సెక్కాం. చిన్నమ్మ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. నేను డబ్బిచ్చి కొనుక్కున్నాను.

"మొగోనివైతివి, కట్టు మరి," అని కిటికీ సీటు కూడా తనే పట్టింది.

ఎర్రవల్లి దాటాక ముందు సీటులోని వీపనగండ్ల రైతు ఎక్కడికని అడిగాడు. పాఠం చెప్పే సందు దొరికితే నేను వదులుతానా? మూలకణమంటే ఇంకా ఏ పనీ పట్టని కణం, వేరే కణంగా మారగలదన్నాను. జన్యు చికిత్సంటే కణం లోపలి రాతను సరిదిద్దడమన్నాను.

"అంటే బీటీ పత్తి లెక్క బీటీ మోకాలా సార్? మరి నాలుగేండ్లకు పురుగు మల్లొస్తదేమో, జర అడుగుండ్రి," అన్నాడాయన.

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఎనిమిదింటికి వనపర్తిలో ఇడ్లీ తిన్నాం. కారప్పొడి రెండోసారి అడగండి, కాదనరు. తొమ్మిదింటి నాగర్‌కర్నూల్ బస్సులో చిన్నమ్మకు ఎవరో సీటిచ్చారు. నేను బిజినేపల్లి దాకా నిలబడే ఉన్నాను.

పదిన్నరకు శిబిరం చేరాం. అదొక ఫంక్షన్ హాలు. తెల్లకోటు మనిషి చిన్న సీసా చూపించి, మూడు నెలల్లో కొత్త గుజ్జు అన్నాడు. చిన్నమ్మ సీసాను వెలుగుకు ఎత్తి చూసింది.

"సారూ, ఇది ఏ లాటు?"

"లాటేంటమ్మా?"

"ఒక్కపారి ఇచ్చిన విత్తనమంతా ఒక లాటు. మా విత్తనం కంపెనీ దాన్ని గట్లనే తీసుకోదు. శాంపిలు విత్తి, చెట్లు పెద్దగయినంక చూసి పాసో ఫేలో చెప్తది. జీవోటీ అంటరు. మీ మందుకు జీవోటీ అయ్యిందా? కాయితం చూపియ్యి."

ఆయన నవ్వి, ఎంతోమందికి నయమైందన్నాడు.

"ఫేలైనోళ్లు ఎందరు? మూడేండ్ల కింద నా లాటు ఫేలయ్యింది సారూ. పువ్వు పువ్వుకు నా చేత్తోనే పుప్పొడి రాసిన. శానా ఏడ్సిన. అయినా కాయితం చెప్పిందే ఖాయం."

ఈరోజు కడితేనే తగ్గింపు అన్నాడాయన. చిన్నమ్మ లేచింది. ఆ ప్రశ్న అడగాల్సినవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

పన్నెండున్నరకు సర్కారు దవాఖానకు పోయాం. ఎముకల డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. రక్తపు జబ్బుల్లో మూలకణాలు నిజంగానే పనికొస్తున్నాయట, ఎముక మజ్జ మార్పిడి అదేనట. కొన్నిటికి జన్యు చికిత్స కూడా వచ్చిందట. "అరిగిన మోకాలికి మాత్రం ఇంకా పరీక్షలే జరుగుతున్నాయమ్మా. పరీక్షలో చేర్చుకునేవాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు," అని, తొడ కండ గట్టిపడే వ్యాయామం నేర్పింది.

"అంటే ఇంకా జీవోటీ చేన్లనే ఉన్నదన్నట్టు," అంది చిన్నమ్మ.

వరండాలోకి వచ్చాక ఆమె ముఖం వాడిపోయింది. "నిజంగనే మల్ల చేన్ల తిరుగుత అనుకున్న బిడ్డా," అంది.

రెండింటికి తిరుగు బస్సు. ఎక్కగానే బర్రె కొనేవాడికి ఫోన్ చేసి, రేపు రావద్దంది. పెబ్బేరు దాటాక, శిబిరంలో రాసుకున్న చిన్నమ్మ నంబరుకు తెల్లకోటాయన ఫోన్. ఇంకా తగ్గిస్తాడట.

"సారూ, నీకు రెండు మోకాళ్లున్నయి గదా. ముందు నువ్వేసుకో. పత్తి చెట్లు నడుమెత్తు అయినంక వచ్చి మా సాళ్లెంబడి నడిచి చూపియ్యి. పాసైతే నేనే వస్త," అని పెట్టేసింది. ఈసారి బస్సుతోపాటు నేనూ నవ్వాను.

ఆరు కావస్తుండగా గద్వాలలో దిగాం. ఏ మోకాళ్లతో పోయామో ఆ మోకాళ్లతోనే తిరిగొచ్చాం. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే ఆమె పళ్లు బిగించడం కనిపించింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్? నొస్తనే ఉంది. నడువు, బర్రె ఎదురుచూస్తుంటది."