పద్దెనిమిది అంగుళాల ధైర్యం

ఆ రోజుల్లో ఒక వస్తువు కొనడమంటే మాకు ఒక పెద్ద చదువు. ఈ దేశానికి వచ్చి ప్లేనోలో కొత్తగా కాపురం పెట్టిన మాలాంటి వాళ్లం అన్నం వండే కుక్కర్ కొనాలన్నా వారాల తరబడి రివ్యూలు చదివేవాళ్లం. కొన్నాక, సరైనదే కొన్నామా అన్న అనుమానంతో మళ్లీ చదివేవాళ్లం. సమస్య ఏదైనా కానీ, దానికి సరిపోయే మోడల్ ఒకటి ఎక్కడో తయారై ఉంటుందని, దాన్ని వెతికి పట్టుకోవడమే మన పని అని మాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నేను ఒకసారి విదేశం నుంచి వచ్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి ఆర్డరిచ్చాను. చీమ కుడితే దాన్ని నలపకుండా ఊది పంపించే మనిషిని నేను. ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మడం లేదు, అందుకే రాస్తున్నాను.

మాకు పెళ్లయి ఏడాది కాలేదు. నా ఉద్యోగం పేరుకి ప్లేనోలో, పని మాత్రం శాంటా క్లారాలోని క్లయింటు దగ్గర. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే మళ్లీ ఇల్లు చూసేది శుక్రవారమే. మా ఆవిడ విజయవాడలో కాలేజీలో పాఠాలు చెప్పే పని మానుకుని వచ్చింది. ఆమె వీసా మీద ఇక్కడ ఉద్యోగం చేయడానికి లేదు, కారు నడపడం ఇంకా నేర్చుకుంటోంది. వారంలో నాలుగు రోజులు ఆ అద్దె ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ సంవత్సరం మన వాళ్ల ఇళ్లలో వరసగా దొంగలు పడ్డారు (మన ఇళ్లలో బంగారం ఉంటుందన్న సంగతి మన చుట్టాలకంటే వాళ్లకే బాగా తెలుసు). ఒక మంగళవారం మధ్యాహ్నం మా ఇంటి బెల్లు మోగింది. ఎవరో ముఖం తెలియని మనిషి అని మా ఆవిడ తలుపు తీయలేదు. కాసేపటికి పెరటి తలుపు గుబ్బ మెల్లగా ఇటూ అటూ తిరగడం చూసింది. గడియ పెట్టి ఉండబట్టి ఆ మనిషి వెళ్లిపోయాడు. పోలీసులు వచ్చి మర్యాదగా మాట్లాడి, గడియలు జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం ఫోన్‌లో ఆమె అన్నది రెండే మాటలు. "భయమేస్తోందండీ. మీరు ఇక్కడుంటే బాగుండు." నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. రెండో మాట వినకపోవడానికి ఒక కారణం ఉంది. నా వీసా పొడిగింపు అప్పుడు కంపెనీ చేతిలో ఉంది. ప్రయాణాలు చేయలేనని మేనేజర్‌తో అంటే ప్రాజెక్టు నుంచి తీసేస్తాడేమో, తీసేస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో, ఊడితే ఎన్నాళ్లలో పెట్టె సర్దుకోవాలో, ఇవన్నీ నిద్రలో కూడా అప్పజెప్పగలిగేవాణ్ని. మేనేజర్‌ని ఒక్క మాట అడగడం కంటే తుపాకి కొనడమే తేలికనిపించింది.

మా స్నేహితుల్లో ఒక పెద్దాయన్ని అందరం బాబాయి అని పిలిచేవాళ్లం. గుంటూరు మనిషి, ఈ దేశానికి వచ్చి చాలా ఏళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చేసింది, తుపాకుల మీద ప్రీతి ఎక్కువ. విషయం వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. మామూలువి వద్దని, తూర్పు యూరప్‌లో తయారయ్యేది ఒకటుందని, దాని ఉక్కే వేరని చెప్పి, ఊరి చివర తనకు తెలిసిన కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టు యజమాని ముసలాయన, నిదానస్తుడు. ఆ రైఫిల్ తెప్పించగలనని, కాకపోతే బారెల్ ఏ పొడవుదో, ఏ రకందో ముందే చెప్పాలని, ఓడ మీద రావడానికి నెలలు పడుతుందని అన్నాడు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనాలంటే వేట లైసెన్సు ఉండాలని కూడా ఆయనే చెప్పాడు. వెల్లుల్లిని గడప దాటనివ్వని ఇంట్లో పుట్టిన నేను ఆన్‌లైన్‌లో వేట పాఠాలు చదివి, జింకకు ఎక్కడ గురిపెట్టాలో బొమ్మ మీద చూపించి పాసయ్యాను. గేలాలూ పడవ తెడ్లూ అమ్మే దుకాణంలో లైసెన్సు చేతికిస్తూ అక్కడి అమ్మాయి వేట బాగా సాగాలని దీవించింది. నేను తలదించుకుని బయటికొచ్చాను.

ఇక బారెల్. పదహారు అంగుళాలా, పద్దెనిమిదా, ఇరవయ్యా? పదహారు కంటే పొట్టిదైతే ప్రభుత్వం దగ్గర వేరే అనుమతి కావాలి, ఆ ఊసు మాకొద్దు. మిగిలిన మూడింటి మీద వారాలు గడిచాయి. శాంటా క్లారా హోటల్ గదిలో కూర్చుని నేను, ప్లేనో నుంచి బాబాయి, షామ్‌బర్గ్ నుంచి మేం వరంగల్ తమ్ముడని పిలిచే నా పాత రూమ్మేటు, ముగ్గురం సాయంత్రాలు కాన్ఫరెన్స్ కాల్‌లో ఉండేవాళ్లం. బాబాయిది ఇరవై. "ఒరేయ్ అబ్బాయ్, గొట్టం పొడుగయ్యే కొద్దీ గురి కుదురుతుందిరా. మూడొందల గజాల అవతలున్నా తప్పదు" అనేవాడు. మా హాలు ఈ గోడ నుంచి ఆ గోడకి పదడుగులు ఉంటుందేమో. వరంగల్ తమ్ముడికి పొడవు మీద పట్టింపు లేదు, లోపలి పూత మీదే పట్టింపు. "అన్నా, గట్ల గాదే. లోపట క్రోమ్ పూత లేకుంటె రెండేండ్లకే తుప్పు వడ్తది. నువ్వు మెలిక సంగతి సూడు ముందు" అనేవాడు. మెలిక అంటే గుండు గిరగిరా తిరుగుతూ పోవడానికి గొట్టం లోపల చెక్కే గాడి. అది ఏడంగుళాలకు ఒక చుట్టు తిరగాలా తొమ్మిదికి తిరగాలా అన్నదాని మీద మేం ఒకసారి దాదాపు తగువుపడ్డాం. ముగ్గురిలో ఒక్కరమైనా అప్పటికి ఆ రకం రైఫిల్ పేల్చి ఉంటే ఆ తగువుకు కాస్త గౌరవం ఉండేది (బాబాయికున్నవి పిస్తోళ్లు, అవీ ఎక్కువగా తుడవడానికే). చివరికి అందరినీ సమాధానపరచడానికి పద్దెనిమిది అంగుళాలు, క్రోమ్ పూత, ఏడుకొక చుట్టు అని తేల్చి ఆర్డరిచ్చాం. ఆ రాత్రి నేను ఇల్లు కట్టి గృహప్రవేశం చేసినంత తృప్తిగా పడుకున్నాను.

ఇవన్నీ ఫోన్‌లో మా ఆవిడకి చెప్పేవాణ్ని. ఆమె ఊఁ కొట్టేది. ఆ నెలల్లో ఆమె రోజూ చీకటి పడకముందే స్టీలు గిన్నెలన్నీ పెరటి తలుపు వెనక ఒకదాని మీద ఒకటి పేర్చేదని, తలుపు కదిలితే చప్పుడవుతుందని అలా చేసేదని, పక్కింటావిడ చెబితే తప్ప నాకు తెలియలేదు. నేను ఇంటికొచ్చే శుక్రవారం పొద్దున్నే వాటిని తీసి మళ్లీ అలమారలో సర్దేసేదట.

ఒక శనివారం సరుకు వచ్చిందని కబురొస్తే మా ఆవిడా నేనూ వెళ్లాం. యజమాని పెట్టె తెరిచి రైఫిల్‌ని గుడ్డ మీద పడుకోబెట్టాడు. నల్లగా, నూనె వాసనతో, చాలా పొడుగ్గా ఉంది. నాకు ఏం మాట్లాడాలో తోచక, పద్దెనిమిది కదా అని అడిగాను. అవునన్నాడు. నా కాగితాలు, లైసెన్సు చూసి, మా ఆవిడ వైపు తిరిగి, ఇది ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుందమ్మా అని మర్యాదగా అడిగాడు. నేనే జవాబిచ్చాను. నేను ఊళ్లో ఉండనని, ఆమె కోసమే కొంటున్నానని.

ఆయన చెయ్యి రైఫిల్ మీదే ఆగింది. ఆమె కూడా వీసా మీదే ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అయితే మీరు లేనప్పుడు ఆమె దీన్ని దగ్గర పెట్టుకోవాలన్నా, చేత్తో పట్టుకోవాలన్నా, ఆమె పేరున కూడా వేట లైసెన్సు ఉండాలి, అంతవరకు నేను మీకు ఇవ్వలేను అన్నాడు. గొట్టం పొడవు చూశాం, పూత చూశాం, మెలిక చూశాం. పట్టుకునే మనిషి ఎవరన్నది మాత్రం ఫోన్‌లో అంత వాదించుకున్న మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

"అంటే, మన ఇంట్లో నేను భయపడకుండా ఉండాలంటే వేటగత్తెని కావాలా?" అంది మా ఆవిడ.

పాఠాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయని, కష్టమేం కాదని, జింక బొమ్మ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నన్ను కొంచెంసేపు చెప్పనిచ్చింది.

"నేను తుపాకి అడగలేదండీ. మీరు ఇక్కడుంటే బాగుండు అన్నాను."

గొంతు పెంచలేదు. ముసలాయనకి తెలుగు రాదు, అయినా గల్లా బల్ల అవతలి కొసకి వెళ్లి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

రైఫిల్‌ని అక్కడే వదిలేసి కారెక్కాం. చాలా దూరం వచ్చాక ఆమె, మేనేజర్‌ని అడగడానికి భయమా అని అడిగింది. అవునన్నాను. ఎంత భయమో కూడా చెప్పాను. వీసా సంగతి, పంపించేస్తారేమోనన్న సంగతి, కడుపులో ఉన్నదంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"మరి చెప్పరేం? ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నాకొక్కదానికే భయం అనుకున్నాను" అంది.

సోమవారం శాంటా క్లారాలో మేనేజర్ గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన కిటికీ వైపు చూసి, చూద్దాం అన్నాడు. ఆ చూడటానికి చాలా వారాలు పట్టింది. విమానం ఎక్కిన ప్రతిసారీ ఇదే చివరిదేమో అనుకునేవాణ్ని, ప్లేనోకి మారి చివరిదవుతుందో, ఉద్యోగం ఊడి చివరిదవుతుందో తెలియక. చివరికి ప్లేనోలోనే ఒక చిన్న ప్రాజెక్టు ఇచ్చారు. అప్పటిదాకా నేను డిజైన్ చేసేవాణ్ని. ఇక్కడ ఇతరులు చేసినదానిలో తప్పులు వెతకాలి. ఒప్పుకున్నాను. బాబాయి మాత్రం చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అలాంటి గొట్టాన్ని చేతిదాకా వచ్చాక వదిలేసిన మనిషిని ఎలా నమ్మాలో ఆయనకు తెలియలేదు.

బుధవారం నాడు ఇంట్లో ఉండటం నాకు అదే మొదటిసారి. ఇంకా ఎండ పోలేదు. మా ఆవిడ వంకాయ ముక్కలు సన్నని సెగ మీద వేసి, వచ్చి సోఫాలో నా పక్కన కూర్చుంది. ఏదో చెబుతూ చెబుతూ నా భుజం మీదే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. కదిలితే లేస్తుందని నేను ఊపిరి కూడా ఆచితూచి పీల్చాను. వంటింట్లోంచి వాసన మారింది. కూర అడుగంటుతోందని తెలుస్తూనే ఉంది, లేవలేదు. కాసేపటికి ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం, ఈ దేశపు ఇళ్లలో ఊరంతా వినిపించేలా మోగే ఆ దిక్కుమాలిన అలారం, మొదలైంది. ఆమె తలని మెల్లగా దిండు మీదకి దించి, పరుగెత్తి పొయ్యి కట్టేసి, స్టూలెక్కి తువాలుతో పొగని విసరసాగాను. ఒంటరిగా ఉన్న ఆ నెలల్లో ఫ్రిజ్ చప్పుడు మారినా ఉలిక్కిపడి లేచేదాన్నని తర్వాతెప్పుడో చెప్పిన మనిషి ఆ మోతకి సగం కళ్లు తెరిచి, "మీరున్నారుగా, చూడండి" అని అటు తిరిగి పడుకుంది.

ఏడంగుళాలకు ఒక చుట్టు, పద్దెనిమిది అంగుళాల పొడవు, లోపల క్రోమ్ పూత. ఆ లెక్కలన్నీ నాకు ఇప్పటికీ నోటికొచ్చు. జీవితంలో ఒక్క గుండు కూడా పేల్చలేదు. కానీ ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. స్టూలు మీద నిలబడి, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, కప్పుకేసి తువాలు విసురుతూ, ఆ ఇంటిని తనే కాపాడుతున్నానని గుండెలు పొంగించుకున్న ఆ కుర్రాడు. వాణ్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. వాడి ముఖంలో ఉన్న గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు.