కరుణమ్మగారి మొదటి అడుగు

1986 ఎండాకాలంలో నన్ను ఒంగోలులో ఎముకల విభాగానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. మిరపకోతల్లో నడుం పట్టేసినవాళ్లూ, బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నవాళ్లే మా ఓపీ నిండా. కృత్రిమ మోకాలు పెట్టించుకున్న మనిషి రావడం అరుదు. ఆ ఆపరేషన్‌కు అప్పట్లో మద్రాసు పోవాలి.

కరుణమ్మగారు పోయి చేయించుకొచ్చారు. చర్చి తరఫున ఊరూరా నడిచి ఆడవాళ్లకు వాక్యం చెప్పే ఉద్యోగం ఆవిడది. ఆపరేషనయిన నాలుగేళ్లకు చెల్లెలు వెంటబెట్టుకొచ్చింది.

"అక్క కాలు వంకర తిరిగి దొడ్డికాలవుతోందండీ. అడిగితే ఏం లేదంటది."

"నొప్పేం లేదండి డాక్టరుగారూ. దేవుడు బాగుచేసిన కాలిది," అన్నారు కరుణమ్మగారు. నొక్కినా, వంచినా అదే మాట. వాపు లేదు, వేడి లేదు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలోనూ పట్టుకోదగ్గ తేడా కనపడలేదు.

ఇక పంపించేద్దామనుకుంటుండగా ఆవిడ లేచారు. బల్ల అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, "స్తోత్రం ప్రభువా" అన్నారు. ఆ తర్వాతే అడుగు వేశారు. భక్తి అనుకున్నాను. ఎందుకో మనసొప్పక, మళ్లీ కూర్చోబెట్టి, కాసేపు కబుర్లలో పెట్టి లేపాను. మళ్లీ అదే స్తోత్రం. ఈసారి మొహం వదిలేసి చేతులు చూశాను. బల్లను బిగించి పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. నాలుగడుగులు పడేసరికి నడక సర్దుకుంది. లేవగానే నొప్పి, నడిచేకొద్దీ తగ్గడం: ఎముకలో బిగిసి ఉండాల్సిన కీలు వదులైతే కనిపించే గుర్తే అది.

ఈసారి నిలబెట్టి ఎక్స్‌రే తీయించాను. బరువు పడగానే సంగతి బయటపడింది. మోకాలి కింది ఎముక మీద అమర్చిన కీలు పళ్లెం లోపలివైపుకు కుంగింది. దాన్ని పట్టి ఉంచే సిమెంటుకూ ఎముకకూ మధ్య నల్లటి గీత, అంటే పట్టు వదిలిన సందు. చీము పట్టినా కీలు వదులవుతుంది కనుక సూదితో నీరు తీసి పరీక్షకు పంపాను. క్రిములు లేవు.

ఇలాగే నడిస్తే ఎముక అరిగిపోయి కొత్త కీలుకు చోటుండదనీ, అప్పుడిక కాలు వంగకుండా బిగించేయడమేననీ చెప్పాను. ఊళ్లు తిరిగే ఆవిడకు అది ఉద్యోగం పోవడమే. కరుణమ్మగారు చెల్లెల్ని బయటికి పంపి అడిగారు.

"చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పానండీ, నా మోకాలు బాగైందని. ఇప్పుడు నొప్పంటే అది అబద్ధమైపోదా అండీ?"

ఆ ఒక్క మాట నిలబెట్టడానికి ఈవిడ ఇంత బాధ మింగుతూ ఊళ్లు నడిచారు.

"అప్పుడు బాగైందీ నిజమేనమ్మా, ఇప్పుడు వదులైందీ నిజమే. రెండూ చెప్పండి," అన్నాను.

మద్రాసులో కీలు మార్చారు. ఎముక కొంత పోయినా మిగిలింది సరిపోయింది. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, కూర్చోబెట్టి లేపాను. లేచి నేరుగా నడిచి, తలుపు దగ్గర ఆగి, అప్పుడన్నారు స్తోత్రం.

ఆ తర్వాత మోకాలు మార్పించుకున్న ఎవరినీ నొప్పుందా అని అడిగి ఊరుకోలేదు. ఎక్స్‌రే నిలబెట్టే తీయించేవాణ్ణి. అంతకన్నా ముందు కూర్చోబెట్టి, లేపి, మొదటి అడుగు చూసేవాణ్ణి.