చప్పిడి పత్యం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికైనా జబ్బు చేసిందంటే, పలకరించడానికి వచ్చేవాళ్ళు వట్టి చేతులతోనైనా వచ్చేవారు గానీ వట్టి నోటితో మాత్రం వచ్చేవారు కాదు. ఫలానాది తినొద్దని ఒక మాట చెప్పిపోతే తప్ప వాళ్ళకు వచ్చిన పని అయినట్టుండేది కాదు. వాళ్ళను తప్పుపట్టను. ప్రేమ చూపించడానికి వాళ్ళకు తెలిసిన దారి అదే. కాకపోతే ఆ ప్రేమతోనే నన్ను చంపినంత పని చేశారు.

మాది రాచర్ల దగ్గర ఒక చిన్న పల్లె. కొంచెం మెట్ట పొలం, ఒక గొర్రెల మంద మా బతుకు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, మేమూ అప్పుడు కర్నూలు జిల్లావాళ్ళమే. నాకు పదేళ్ళ లోపే ఉంటాయి. కుడివైపు పక్కటెముకల కింద ఎప్పుడూ బరువుగా ఉండేది. నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట బిగిసిపోయేది. మా నాయన నన్నూ అమ్మనూ గిద్దలూరులో రైలెక్కించి, నంద్యాలలో దింపి, అక్కణ్ణుంచి బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఆ ఊళ్ళో సర్కారు ఆఫీసులు గుడారాల్లో ఉంటే, తిరునాళ్ళేమో అనుకుని రంకులరాట్నం కోసం వెతికాను.

అక్కడి డాక్టరు నా పొట్ట నొక్కి చూసి, ఫోటో తీయించి, మా అమ్మను కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. కార్జంలో, అంటే కాలేయంలో, నీటి తిత్తులున్నాయి, పుట్టుకతోనే వచ్చినట్టున్నాయి, ఇప్పుడు కోయాల్సిన పని లేదు. అవి పొట్టను ఒత్తుతాయి కాబట్టి ఒక్కసారే నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టాలి. ఒంట్లో నీరు చేరకుండా ఉప్పు లేకుండా వండాలి. నెయ్యి, నూనె, కొవ్వు మాంసం వద్దు. పసర్లు, నాటుమందులు అసలే వద్దు, అవి కార్జాన్నే దెబ్బతీస్తాయి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు మాత్రం మానొద్దు, ఎదిగే పిల్లకు బలం కావాలి. మా అమ్మ ప్రతి మాటకూ తల ఊపింది.

అయితే ఇంటికొచ్చాక ఆమెకు 'వద్దు' అన్నవి గుర్తున్నంతగా 'మానొద్దు' అన్నవి గుర్తులేవు. భయపడ్డ మనిషి అంతే. దానికి తోడు పలకరింపులు మొదలయ్యాయి. వంకాయ నంజు అని ఎదురింటి అత్త చెప్పింది. కందిపప్పు వాతమని ఇంకొకామె అన్నది. గుడ్డు వేడి చేస్తుంది, పాలు కఫం కడతాయి, గోంగూర పైత్యం, చిక్కుడుకాయ పడదు. ఎవరి మాట కాదంటే పిల్లకు ఏమవుతుందోనని మా అమ్మ అన్నిటికీ సరేనన్నది. చివరికి నాకు మిగిలింది ఉప్పులేని వరి గంజి. ఆ రోజుల్లో వరన్నం పండక్కి తప్ప చూసేవాళ్ళం కాదు. మా అన్నలు నా గంజి గిన్నె వైపు ఆశగా చూసేవాళ్ళు, నేను వాళ్ళ జొన్న సంకటి వైపు చూసేదాన్ని.

పొద్దున, సాయంత్రం అందరూ లోపల సంకటి చుట్టూ కూర్చునేవారు. వాసన తగిలితే నా మనసు లాగుతుందని మా అమ్మ నన్ను వసారాలో కూర్చోబెట్టేది. లోపల ఉల్లిగడ్డ కొరికిన చప్పుడు, పులుసు జుర్రిన చప్పుడు, నవ్వులు వినపడేవి. నేను గోడకు ఆనుకుని గంజి తాగేదాన్ని. ఆకలి ఓర్చుకోవచ్చు. నేను లేకుండానే ఇల్లంతా నవ్వుతున్నదే, అది ఓర్చుకోలేకపోయేదాన్ని. వానాకాలం వచ్చేసరికి నా కాళ్ళు పుల్లలయ్యాయి, బడికి పోతే దారిలో కళ్ళు తిరిగేవి. తిత్తులు ముదురుతున్నాయని అందరూ తేల్చారు. అంతకంటే గట్టి పత్యం పెట్టాలన్నారు.

అప్పుడు మా పెద్దమ్మ వచ్చింది. మా నాయనకు అన్న భార్య ఆమె. పక్క వాకిలే, కానీ జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి కొమరోలు పోయి, నా సంగతంతా అయ్యాక తిరిగొచ్చింది. ఆమె నోరంటే మా వీధిలో మగవాళ్ళకు కూడా హడలే. వచ్చీరాగానే నా చెయ్యి పట్టుకుని మణికట్టు చుట్టూ వేళ్ళు తిప్పి చూసింది. మా అమ్మను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఏమేం మానిపించారో, ఒక్కొక్కటీ ఎవరు చెప్పారో అడిగి తెలుసుకుంది. డాక్టరు ఏమన్నాడో మా నాయనను పిలిచి విడిగా అడిగింది.

సాయంత్రం ఆడవాళ్ళంతా మా అరుగు మీదికి చేరారు. పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక గిన్నెలో పసుపు తడిపి ముద్ద చేసి ముందు పెట్టుకుంది. మా వైపు ఎవరికైనా బాగు కావాలంటే ఇష్టమైన తిండి ఒకటి మానుకుంటామని మొక్కుకోవడం ఉన్నదే. పసుపు ముద్ద చేతిలో పట్టుకుని అనుకుంటే ఇక ఆ మాట తప్పకూడదు.

"మీరంతా పిల్ల బాగు కోసమే చెప్పినారు గదమ్మా," అని తీయగా మొదలుపెట్టింది. ఆమె తీయగా మాట్లాడితేనే జాగ్రత్తపడాలని అక్కడ అందరికీ తెలుసు. "వట్టి మాట ఎందుకు, మొక్కుకుందాం. ఎవరు ఏది మానిపించినారో వాళ్ళు గూడ అది మానాల. ఈ పిల్ల తిన్న రోజే మీరూ తినాల."

పెద్దమ్మ పసుపు ముద్ద తీసి ఎదురింటి అత్త వైపు చాపింది. ఆమె పెరట్లో వంకాయలు విరగకాసి ఉన్నాయి. చేతులు కొంగులో దాచుకుని, "నేను ముదురు వంకాయ గురించి చెప్పినాను గానక్కా, లేతది ఏం జేస్తాది," అన్నది. పప్పు వద్దన్నామె, పప్పు లేకపోతే కూలోళ్ళకు ఏం పెట్టేదని, పలచగా కాస్తే వాతం ఉండదులే అన్నది. గుడ్డు వద్దన్నామె తానసలు ఆ మాటే అనలేదని, తన తోడికోడలు అన్నదని చెప్పింది. తోడికోడలు అక్కడ లేదు కాబట్టి సరిపోయింది. ఎవరికి వాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు అడ్డం పెట్టుకున్నారు. దీపాలు పెట్టే వేళకు వంకాయ, పప్పు, గుడ్డు, పాలు, గోంగూర, చిక్కుడు అన్నీ నా కంచంలోకి తిరిగొచ్చాయి. చాలా రోజుల తర్వాత నేనూ పదిమందితో కలిసి నవ్వాను.

ఇక లేవబోతూ పెద్దమ్మ తమాషాకే అన్నది, "ఉప్పొకటి మిగిలె. అది ఎవరిది?"

"డాక్టరుది," అన్నది మా అమ్మ గడప దగ్గర నిలబడి.

"ఆయన యాడ వస్తాడు కర్నూలు నుంచి మొక్కుకోను," అని అందరూ నవ్వారు.

మా అమ్మ నవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. "ఆయన మాట ఇంటికి తెచ్చింది నేనే గదక్కా, నాకియ్యి," అన్నది. పెద్దమ్మ ముఖంలో నవ్వు పోయింది. అది నిజం పత్యమే, దానికి మొక్కెందుకని, ఎండలో చేలో పనిచేసేదానివి ఉప్పు లేకుండా ఎట్ల బతుకుతావని గట్టిగానే కేకలేసింది. మా అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అత్తలకూ తోడికోడళ్ళకూ ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి, ఆ ఒక్కసారి పెద్దమ్మ మాట వినలేదు.

మరుసటి రోజు నుంచి వసారాలో ఇద్దరం కూర్చున్నాం. కొర్రన్నం, పలచటి పప్పు, ఉడకబెట్టిన గుడ్డు, అన్నీ చప్పిడివే. చింతపండు, మిరియం వేసి రుచి తేవడానికి ఆమె ఎన్ని పాట్లు పడిందో. నేను కోలుకున్నాను, బడికి పోయాను, పెద్దమనిషినయ్యాను. తిత్తులు మాత్రం పోలేదు. పెళ్ళయి మార్కాపురం వెళ్ళాక కూడా ప్రతి డాక్టరూ చూసి అలాగే ఉన్నాయని, ఉప్పు వద్దనే చెప్పేవాడు.

నేను లేని వసారాలో మా అమ్మ ఒక్కతే చప్పిడి కూడు తినేదని అన్నలు చెబితే తెలిసింది. పిక్కలు పట్టేసి మధ్యాహ్నాలు చేనిగట్టు మీద కూలబడేదట. వినలేక ఒకసారి పుట్టింటికి పోయినప్పుడు అబద్ధమాడాను. డాక్టరు ఉప్పు తినొచ్చన్నాడమ్మా అని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఉప్పు గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "అయితే ముందు నువ్వు తిను," అన్నది. నేను చిటికెడు తీసుకుని అన్నంలో కలపబోయాను. నా చెయ్యి తటపటాయించడం చూసింది. గిన్నె తీసి లోపల పెట్టేసి, "నీకు అబద్ధాలు చేతగావే," అని నా తల నిమిరింది. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు. పోయేదాకా ఆమె ఉప్పు ముట్టలేదు.

ఇప్పుడు నేనొక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తింటున్నాను. నా తిత్తులు కూడా నాతోపాటే ముసలివయ్యాయి. వీధిలో ఎవరికైనా బాగాలేదంటే పోయి పక్కన కూర్చుంటాను, ఏం తింటున్నావమ్మా అని అడుగుతాను, అంతే. వద్దనడానికి డాక్టర్లున్నారు. ఎప్పుడైనా ఫలానాది మానుకో అనే మాట నాలుక మీదికి వస్తే, అది నేను మానుకోగలనా అని ముందు నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు మానుకోలేననే తెలుస్తుంది, నోరు మూసుకుంటాను. మా అమ్మ మాత్రం అట్లా తనను తాను అడగడానికి కూడా ఆగకుండా చెయ్యి చాపింది.