పేరు కనబడే వోటు

పారదర్శకత అన్న మాట చిన్నప్పుడు సూరత్‌ల మా పాండేసరల ఎవరి నోట్లనూ వినలే. మా నాయన రంగుల మిల్లుల పని చేసేటోడు. అక్కడ ఎవరిని పనిల ఉంచిన్రో, ఎవరిని తీసేసిన్రో పొద్దున గేటు కాడికి పోతే తెలుస్తుండె, అంతే. ఆ మాట నాకు చదువుకున్నోళ్ళు నేర్పిన్రు. ఇప్పుడు ఎవరన్న ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతది. ఎందుకో చెప్త, వినున్రి.

మా అన్నకు సూరత్ పక్కన జోల్వల జాకార్డు సాంచలున్నయి, కరెంటు మగ్గాలు. షెడ్డు కిరాయిది. సాంచలు మాత్రం తనయే. మావోళ్ళల్ల గిట్లాంటోన్ని ఆసామి అంటరు. పేరు ఘనంగనే ఉంటది గని, నూలు చుట్టిన భీములు సేటు ఇయ్యాలె, నేసిన బట్ట సేటే తీసుకోవాలె. సేటు భీమిస్తేనే సాంచ ఆడుతది, లేకుంటే లేదు. ఇగ బట్ట మీద పువ్వులు, బుటాలు పడాలంటే కంప్యూటర్ల గీసిన డిజైన్‌ను సాంచ పక్కన ఉండే డబ్బాకు అర్థమయ్యేటట్టు మార్చాలె. ఆ మార్చే సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరికేది ఒకటి ఉండె. ఓపెన్ సోర్స్. దాని కోడు అందరికీ కనబడుతది, ఎవరన్న తీసుకోవచ్చు, ఎవరన్న బాగు చేయొచ్చు.

మా అన్న దగ్గర ఉన్నయి పాత డబ్బాలు. ఆ సాఫ్ట్‌వేర్‌ల పాత డబ్బాలకు పనికొచ్చే భాగం రాసింది నేనే. నౌకరీ వేరే కంపెనీల, ఇది నా ఆదివారాల పని. భేస్తాన్‌ల మా ఇంట్ల వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకొని, కుక్కర్ కూతలు వినుకుంట రాసిన. ఎవరూ పైస ఇయ్యలే, నేను అడగలే. అది మొదటిసారి నడిచినప్పుడు అన్న ఫోన్ చేసి, సాంచ దగ్గర పెట్టి ఆ చప్పుడు వినిపించిండు. నాకు గంతకంటే ఏం గావాలె?

ఆ ప్రాజెక్టును నడిపే పెద్దమనిషి హైదరాబాద్‌ల ఉంటడు. మెత్తటి మాట, మంచి ఇంగ్లీషు, వీడియో కాల్‌ల వెనుక పుస్తకాల అల్మారా. కమ్యూనిటీ అన్న మాట ఆయన నోట్ల జర్దా పాన్ తీరుగ ఎప్పుడూ నానుతుంటది. ఆయన జన్మల సాంచ చప్పుడు విన్నడో లేదో నాకు అనుమానమే. విన్న మనిషైతే గంత నెమ్మదిగ మాట్లాడడు.

ఒకనాడు ప్రాజెక్టు పేజీల ఆయన ఒక ప్రతిపాదన పెట్టిండు. పాత డబ్బాలకు సపోర్టు తీసేద్దాం, దాన్ని చూసుకునుడు భారమైతున్నది అని. చూసుకుంటున్నది నేను, భారం ఆయనకట! నేనే చూసుకుంట, ముందుగూడ చూసుకుంట అని రాసిన. ఒక్క మనిషి మీద ఆధారపడుడు ప్రాజెక్టుకు మంచిది కాదని జవాబిచ్చిండు. పాత వెర్షన్ కంప్యూటర్ల ఉంటది గదా, దాన్నే వాడుకుంటే అయిపాయె అంటరేమో. సేట్లు పంపే కొత్త డిజైన్లు పాత వెర్షన్‌ల తెరుచుకోవు. సపోర్టు పోయిందంటే మా అన్న జాకార్డు బందు పెట్టి సాదా బట్ట నేసుకోవాలె. లేకుంటే కొత్త డబ్బాలు కొనాలె. ఆ కొత్త డబ్బాలు అమ్మేది ఎవరనుకున్నరు? అన్నకు భీములిచ్చే సేటే. ఆ ఏడే ఆయన వాటి ఏజెన్సీ తీసుకున్నడు.

ఈ ప్రతిపాదన యాడికెల్లి వచ్చిందని మీటింగుల అడిగిన. కోర్ టీం మాట్లాడుకొని పెట్టిందన్నడు. ఆ మాటలు యాడున్నయి, నేను గూడ చదువుత అన్న. అవి అంతర్గత చర్చలు మేడమ్ అన్నడు. అనుకుంట చిన్నగ నవ్విండు గూడ. సిగ్గులేని నవ్వు. గాలి బాగ ఆడే గదిల కూసొని నవ్వే నవ్వు.

తరువాత పెద్ద మనసు చేసుకొని ఇంకో మాట చెప్పిండు. కోడు రాసేటోళ్ళే కాదు, వాడేటోళ్ళందరూ వోటు వేయొచ్చు. ప్రతి వోటు పక్కన పేరు, ఊరు, కారణం అందరికీ కనబడుతయి. మన దేశంల ఇంత పారదర్శకంగ ఏ ప్రాజెక్టూ నిర్ణయం తీసుకోలేదట. మీటింగుల ఉన్నోళ్ళందరూ చప్పట్లు కొట్టిన్రు. కొట్టినోళ్ళల్ల ఒక్కనికన్న భీము అంటే ఏందో తెలుసా అంటే, తెల్వది.

పేజీ తెరుచుకున్నదో లేదో, మార్కెట్‌ల సేటు దుకాణంలకెల్లి ఆసామీలందరికీ లింకు వచ్చింది. తీసేయాలె అన్న దగ్గర నొక్కున్రి అని సేటు లెక్కలు చూసే మునీము ఒక్కొక్కరికి ఫోన్ చేసి మరీ చెప్పిండు. ఎవరు నొక్కిన్రు, ఎవరు నొక్కలే అని తెలుసుకోవాలంటే మునీము ఎవరినీ అడిగే పని లేదు. గద్దె మీద కూసొని ఫోన్‌ల పేజీ తెరిస్తే చాలు, సూరత్, జోల్వ, పేర్లతోని సహా అన్నీ కండ్ల ముందట పడుతయి. అయ్య, ఎంత సౌలత్! ఆసామీలను గిట్ల నిలబెట్టి లెక్క చూసుకునే తెలివి సేటుకు సొంతంగ ఎన్నడూ రాలే. మా హైదరాబాద్ పెద్దమనిషి చేసిచ్చిండు.

ఒకరెనుక ఒకరు తమ సాంచలకు తామే ఎదురు వోటు వేసిన్రు. కారణం దగ్గర అందరిదీ ఒకటే ముక్క, మునీము పంపింది.

పెద్దమనిషికి ఫోన్ చేసిన. జర పేర్లు దాచున్రి సార్, ఎలక్షన్‌ల దాస్తరు గదా, ఇక్కడ మనుషులు సేటుకు భయపడుతున్నరు అని చెప్పిన. ఆయన అంతా ఓపికగ విన్నడు. ఆ ఓపికను చూస్తేనే నాకు ఎక్కువ అసహ్యం.

"మనం భయపడి వోటు వేసే మనుషులం కాదు కదా మేడమ్. అయినా మనకు దాచుకోవడానికి ఏముందండీ?" అన్నడు.

ఆయనకు ఏమీ లేదు, నిజమే. ఆయన జీతాన్ని ఏ సేటూ ఆపడు. దాచుకునేదేమన్న ఉంటే దానికి అంతర్గత చర్చ అని పేరు పెట్టుకుంటడు. పైనున్నోడు తలుపేసుకొని మాట్లాడుకోవాలె, కిందున్నోడు బజార్ల నిలబడి చెయ్యెత్తాలె. గీ ముచ్చటకు ఆయన పెట్టిన పేరు పారదర్శకత.

నేను ఉంచాలె అని వోటు వేసిన. పేరు, ఊరు, కారణం అన్నీ రాసిన. నా పేరుల మా ఇంటిపేరు గూడ ఉంటది, పెండ్లైనా మార్చుకోలే. మునీముకు ఆ ఇంటిపేరు మంచిగ తెలుసు.

ఆ వారం అన్న భీముల కోసం పోతే ఇంకా తయారు కాలేదన్నరు. మళ్ళ పోతే, సేటు లేడన్నరు. అన్న కండ్ల ముందటనే పక్క షెడ్డోళ్ళకు భీములు టెంపోల ఎక్కించిన్రు. సాంచలు ఆగినయి. సాంచల మీద పని చేసేటోళ్ళు ఇంకో షెడ్డు చూసుకుంటమని మొఖం మీదనే చెప్పిన్రు. ఇవన్నీ నాకు వదిన ఫోన్‌ల చెప్పింది. అన్న చెప్పలే.

ఆదివారం అన్న మా ఇంటికి వచ్చిండు. చాయ పెడితే ముట్టలే. నా చదువు కోసం తన చదువు బందు పెట్టుకున్న మనిషి. ఇంతవరకు నన్ను ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని ఎన్నడూ అనలే. నా లాప్‌టాప్ దిక్కు చూసిండు.

"చెల్లె, నీ వోటు నా సాంచల మీదికొచ్చింది. తీసెయ్యరాదు?" అన్నడు.

ఆ మాట అడగనీకె ఆయన ఎంత చిన్నబోయిండో నేను చూసిన. పెద్దమనిషి చూడలే. అది ఆ పేజీల యాడ కనబడుతది?

అన్న ముందటనే పేజీ తెరిచి వోటు మార్చిన. మార్చాలంటే మళ్ళ కారణం రాయాలెనట, పారదర్శకత కోసం. మా అన్న అడిగిండు అని రాసిన. అది తప్ప నా దగ్గర వేరే కారణం లేదు. తెల్లారి అన్నకు భీములు వచ్చినయి.

గంతల్నే పెద్దమనిషి ఫోన్. ఇట్లాంటి కుటుంబ విషయాలు రికార్డుల ఉంటే ప్రాజెక్టు గురించి జనం ఏమనుకుంటరు, ఇంకేదన్న రాయున్రి అన్నడు. రాయను అన్న. సాయంత్రం చూస్తే నా పేరు కింద, చర్చ విన్న తర్వాత అభిప్రాయం మార్చుకున్నాను అని ఉన్నది. నేను ఏనాడూ రాయని వాక్యం, నా పేరు కింద. దాన్ని మార్చింది ఎవరో, ఎప్పుడో ఆ పేజీల యాడా కనబడలే. అన్నీ కనబడే పేజీల ఆ ఒక్కటి కనబడలే. నిర్ణయం ఏకగ్రీవమైందని తరువాత ఏదో సభల చెప్పుకున్నడట. నా వాక్యాన్ని తెర మీద చూపించి, ఆరోగ్యకరమైన కమ్యూనిటీ అంటే ఇదీ అన్నడట. థూ.

ఓపెన్ సోర్స్‌ల ఒక్క మంచి గుణముంది. నచ్చకపోతే కోడంతా తీసుకొని నీ దారి నువ్వు పట్టొచ్చు, ఎవరూ ఆపరు. నేను గదే చేసిన, కాకపోతే చాటుగ. కొత్త డిజైన్లు తెరిచేటట్టు, పాత డబ్బాలు నడిచేటట్టు వేరుగ తయారు చేసి అన్న కంప్యూటర్ల వేసిచ్చిన. సేటు షెడ్డు మొఖం ఎన్నడూ చూడడు. కొత్త డబ్బాలు వేరే కాడ సెకండ్ హ్యాండ్‌ల దొరికినయని అన్న మునీముతోని చెప్పిండు. బట్ట మంచిగ వస్తున్నది, వాడు నమ్మిండు.

ఈ సంగతి ఎట్లనో పెద్దమనిషి చెవిల పడ్డది. గోప్యంగ పని చేసుడు మన స్ఫూర్తికి విరుద్ధం, అందరి ముందు పెట్టున్రి అని పొడుగు మెయిల్ రాసిండు. జవాబియ్యలే. ఇయ్యను గూడ.

మొన్న జోల్వకెల్లి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చిండు. అన్న షెడ్డు పక్కన ఆయన సాంచలున్నయి. తీసేయాలె అని అందరికంటే ముందుగాల నొక్కింది ఆయనే. వాకిట్ల చెప్పులు విడిచిండు గని లోపలికి రాలే. మీ డబ్బాలకు గూడ పని చేస్తది, ఫ్రీగనే ఇస్త, రాండ్రి అని నేనే చెప్పిన. ఆయన అటిటు చూసి గొంతు తగ్గించిండు.

"దీంట్ల మా పేరు యాడన్న కనబడుతదా బిడ్డా?"

"కనబడది పెద్దనాయనా" అన్న.

గప్పుడు లోపలికొచ్చి కూసున్నడు.