రేపు నొక్కే మనిషి

నరసరావుపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే జెకర్యా షాపు తెరవగానే చేయి తిరగేసి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు కంప్యూటర్ డబ్బాను తాకుతాడు. అది విడిభాగాలు కొని తనే బిగించుకున్న మామూలు డబ్బా. లోపల నడిచేది మాత్రం యాపిల్ కంపెనీ తన మ్యాక్ కంప్యూటర్లకే ఇచ్చే సిస్టమ్. తానున్నది అసలైన మ్యాక్‌లోనే అని దాన్ని నమ్మించడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది. ఆ తర్వాత డబ్బాను అంగుళం జరపలేదు, పక్క మూత కూడా బిగించలేదు. రోజూ మధ్యాహ్నం తెరమీద ‘అప్‌డేట్ చేయాలా?’ అని ఒక గడి లేస్తుంది. సరేనంటే ఆ నమ్మకం చెదిరి డబ్బా మూలపడుతుంది. బాగుచేయమని ఏ కంపెనీకీ తీసుకెళ్లలేడు. అందుకే ‘రేపు’ నొక్కుతాడు. అది ఆగితే మళ్లీ లేపడం తనొక్కడికే తెలుసు గనక మూడేళ్లుగా ఊరు దాటలేదు. దగ్గర్లోని ఎడ్లపాడు పెళ్లిళ్లకైనా కెమెరా వాళ్లనే పంపుతాడు.

మొన్న భార్య రూతమ్మ క్యారేజీ తెచ్చింది. మాచర్లలో ఆమె తమ్ముడి కొత్తింటి ప్రార్థన దగ్గరపడింది. జెకర్యా చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె మౌసు పట్టుకుని ఉంది. తెరమీది గడి లేదు. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

“ఏం నొక్కావే?”

“ఏందయ్యా ఆ అరుపు? రేపనే నొక్కాను. ఇన్నాళ్లూ చూడటంలా?” అంటూ ఆమె క్యారేజీ విప్పింది. “మావోడు ఎప్పుడొస్తారని ఫోన్ చేసినా అదే చెప్తన్నా.”